నేల కుంగేది ఎప్పుడో యంత్రం చెబుతుందా?

కిందటేడు ఒక విజ్ఞాన వ్యాసాన్ని తెలుగు చేస్తూ నేనొక పొరపాటు చేశాను. బొగ్గుగనుల మీది నేల కుంగడాన్ని ఉపగ్రహ రాడార్ కొలతలతో, మెషీన్ లెర్నింగ్ పద్ధతితో "ప్రెడిక్ట్" చేశామనీ, ఖచ్చితత్వం నూటికి తొంభై దాటిందనీ ఆ వ్యాసం సారాంశం. ఆ మాటను నేను "ముందుగా చెప్పడం" అని రాశాను. నెల తిరక్కుండా కొత్తగూడెం వైపు నుంచి ఒక ఇంటర్మీడియట్ విద్యార్థి ఉత్తరం వచ్చింది. వాళ్ళ ఇంటి కింద పాత బాయి ఉందట. సింగరేణి ప్రాంతంలో బొగ్గుగనిని బాయి అనే అంటారు. తొంభై శాతం ముందే తెలుస్తుంది కదా, మా ఇల్లు ఎప్పుడు కుంగుతుందో ఎవరిని అడిగితే చెబుతారు అని అతని ప్రశ్న.

వ్యాసం మళ్ళీ తీసి చదివాను. ఆ ప్రశ్నకు అందులో జవాబు లేదు. అసలు ఆ ప్రశ్నే లేదు. తరువాత ఇదే విషయంమీద వచ్చిన మరికొన్ని పరిశోధన పత్రాలు సంపాదించి చదివాను. వాటిలో రాడార్ పని చాలావరకు గట్టిది. యంత్రం నేర్చుకునే పని మాత్రం ఎగుడుదిగుడుగా ఉంది. ఒకే మాటను మూడు వేరువేరు పనులకు వాడుతున్నారు. పత్రికలవాళ్ళం, నాతో సహా, ఆ మూడింటినీ కలిపేసి పాఠకుడికి అందిస్తున్నాం.

ముందుగా గట్టిదాని సంగతి చూద్దాం. రాడార్ ఉపగ్రహం దాదాపు 700 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతూ సూక్ష్మతరంగాలను ఏటవాలుగా నేలమీదికి పంపుతుంది. తిరిగివచ్చిన తరంగం ఏ దశలో ఉందో నమోదు చేసుకుంటుంది. కొన్ని రోజుల తరువాత అదే దారిలో వచ్చి అదే పని చేస్తుంది. ఈలోగా నేల కుంగితే తరంగం నడవవలసిన దూరం పెరుగుతుంది, దశ మారుతుంది. రెండు చిత్రాల దశలలోని తేడాను పటంగా గీస్తే రంగురంగుల పట్టీలు వస్తాయి. భౌతికశాస్త్రంలో యంగ్ జంట చీలికల ప్రయోగం చదివినవారికి ఇవి కొత్త కావు. అక్కడి వ్యతికరణ పట్టీలకు ఇవి దగ్గరి చుట్టాలు. యూరపువారి సెంటినెల్-1 ఉపగ్రహాలు వాడే తరంగదైర్ఘ్యం 5.6 సెంటీమీటర్లు. తరంగం వెళ్ళి రావాలి కనుక దూరంలో మార్పు రెట్టింపవుతుంది. అంటే ఒక్కో పట్టీ నేల 2.8 సెంటీమీటర్లు ఉపగ్రహానికి దూరమైనట్టు గుర్తు.

1992లో అమెరికాలోని లాండర్స్ వద్ద వచ్చిన భూకంపానికి ఫ్రెంచి శాస్త్రజ్ఞులు ఇలా గీసిన పటం 1993లో నేచర్ పత్రిక ముఖచిత్రమైంది. 1996 నాటికే దక్షిణ ఫ్రాన్స్‌లోని గార్దాన్ బొగ్గుగని మీద నేల కుంగడాన్ని ఈ పద్ధతిలో చూపారు. 1990ల చివర మిలాన్ పాలిటెక్నిక్‌కు చెందిన ఫెరెట్టి, ప్రాతి, రోకా మరో మంచి ఉపాయం కనిపెట్టారు. ఇళ్ళు, వంతెనలు, బండలు ఏళ్ళ తరబడి ఒకే రకంగా తరంగాలను తిప్పి పంపుతాయి కదా, అలాంటి బిందువులనే ఏరుకుని డజన్లకొద్దీ చిత్రాలలో వాటి దశను వెంబడిస్తే ఏడాదికి కొద్ది మిల్లీమీటర్ల కదలిక కూడా దొరుకుతుంది. 2014లో మొదటి సెంటినెల్-1 ఎగిరాక చిత్రాలు అందరికీ ఉచితంగా దొరుకుతున్నాయి. కాలేజీ విద్యార్థి కూడా ఇంటర్నెట్ నుంచి తెచ్చుకోవచ్చు. లెవెల్ యంత్రం మోసుకుని గని చుట్టూ నెలల తరబడి తిరిగిన సర్వేయరు ఊహించని సదుపాయం ఇది.

అయితే ఈ కొలతకు ఒక హద్దు ఉంది. అది తెలియకుండా తరువాతి కథ అర్థం కాదు. రాడార్ చిత్రం గడులు గడులుగా ఉంటుంది. పక్కపక్క గడుల మధ్య తేడా తరంగదైర్ఘ్యంలో నాలుగో వంతు, అంటే 1.4 సెంటీమీటర్లు మించితే, పట్టీ ఒకటి దాటిందో రెండు దాటాయో లెక్క తేలదు. ఒక ఉదాహరణ ఊహించుకుందాం. లాంగ్‌వాల్ పద్ధతిలో మందమైన బొగ్గు పొరను పూర్తిగా తీసేస్తే పైన నేల పళ్ళెంలా 1.8 మీటర్లు కుంగిందనుకోండి. పళ్ళెం అంచు నుంచి నడిమధ్యకు దూరం 100 మీటర్లు, ఒక్కో గడి 20 మీటర్లు. గడికి 36 సెంటీమీటర్ల తేడా వస్తుంది. 12 రోజులకొక చిత్రం చొప్పున, చిత్రానికి 1.4 సెంటీమీటర్లకు మించకుండా ఈ 36 సెంటీమీటర్లనూ పట్టుకోవాలంటే పాతిక పైగా చిత్రాలు, అంటే 300 రోజులకు పైగా కావాలి. గని కింద ముఖం ముందుకు సాగుతుంటే నేల అంతసేపు ఆగదు. కొద్ది వారాల్లోనే చాలావరకు దిగిపోతుంది. అప్పుడు పళ్ళెం అంచులో చక్కని పట్టీలు, నడుమ గందరగోళం కనిపిస్తాయి. ఎక్కువ కుంగినచోటే కొలత లేదన్నమాట!

2025 జూలై 30న శ్రీహరికోట నుంచి వెళ్ళిన నైసార్ ఈ హద్దును కొంత జరుపుతుంది. ఇస్రో, నాసా కలిసి చేసిన ఈ ఉపగ్రహంలో నాసా ఇచ్చిన రాడార్ తరంగదైర్ఘ్యం 24 సెంటీమీటర్లు. నాలుగో వంతు 6 సెంటీమీటర్లు. గడి 10 మీటర్లనుకుంటే పై ఉదాహరణలో గడికి 18 సెంటీమీటర్ల తేడా, అంటే మూడు చిత్రాలు, 36 రోజులు. పొడవు తరంగం చెట్టుచేమలను కూడా మెరుగ్గా తట్టుకుంటుంది. పొలాలు, అడవుల నడుమ ఉన్న గోదావరి లోయ గనులకు ఇది చిన్న మేలు కాదు. కాని హద్దు జరిగిందే తప్ప పోలేదు.

ఇక యంత్రం సంగతికి వద్దాం. ఈ పత్రాలలో చాలావాటి వరుస ఇలా ఉంటుంది. కొలత దొరకని గడులను తీసేస్తారు, లేదా చుట్టుపక్కల విలువలతో పూడుస్తారు. మిగిలినవాటిని చీటీలు తీసినట్టు రెండు భాగాలు చేస్తారు. పదివేల గడులుంటే ఏడువేలు యంత్రం నేర్చుకోవడానికి, మూడువేలు పరీక్షకు. గడి లోతు, పొర మందం, రాతి రకం, వాలు, భూగర్భజలం వగైరా ఇచ్చి, పరీక్ష గడులలో నేల ఎంత కుంగిందో చెప్పమంటారు. యంత్రం భేషుగ్గా చెబుతుంది. ఆ మార్కులే పత్రం సారాంశంలోకి, అక్కడినుంచి వార్తలలోకి వస్తాయి.

ఎందుకు చెప్పదు? పరీక్ష గడికి నాలుగు వైపులా ఉన్న గడులు నేర్చుకునే భాగంలోనే ఉన్నాయి. దగ్గర ఉన్నవి ఒకదానినొకటి ఎక్కువ పోలి ఉంటాయన్నది 1970లో వాల్డో టోబ్లర్ చెప్పిన, భూగోళశాస్త్రంలో మొదటి సూత్రంగా పేరుబడిన మాట. గైడులో బేసి సంఖ్య ప్రశ్నలు బట్టీపట్టిన విద్యార్థికి సరిసంఖ్య ప్రశ్నలతో పరీక్ష పెట్టారు, పక్కపక్క ప్రశ్నలకు జవాబు దాదాపు ఒకటే. అతనికి తొంభై మార్కులొస్తే పాఠం వచ్చినట్టా? ఒక గనిమీద నేర్పి, మరో గనిమీద పరీక్షించినప్పుడు వచ్చే మార్కులే నిజమైన మార్కులు. అలా చేసినవారు లేకపోలేదు. వారి మార్కులు తక్కువగా ఉంటాయి, వారి పత్రాలు వార్తలకెక్కవు.

తీసేసిన గడుల సంగతి అంతకంటే బాధ కలిగిస్తుంది. నేల వేగంగా దిగినచోట, పొగలు కక్కే మంటలున్నచోట, ఓపెన్‌కాస్ట్ తవ్వకంతో నేల రూపే మారినచోట రాడార్‌కు కొలత అందదు. ఆ గడులను పక్కన పెట్టి మిగిలినవాటిమీద నేర్పడమంటే, బడికి వచ్చిన పిల్లలను తూచి ఊళ్ళో పిల్లలందరి ఆరోగ్యం లెక్కగట్టడం లాంటిది. జ్వరంతో మంచమెక్కినవాడు బడికి రాలేదు. పటంలో ఆ జాగా తెల్లగా ఉంటుంది, లేదా పక్కవాటి సగటు రంగు పులుముకుంటుంది. పటం చూసే అధికారికి ఆ తెలుపు "కొలత లేదు" అని తోచదు, "ప్రమాదం లేదు" అని తోస్తుంది. ఇప్పటివరకు చెప్పింది ఆ మాటకు మొదటి అర్థం. ఉన్న పటంలో చిరుగులు పూడ్చడమే కాని, ముందు జరగబోయేది చెప్పడం కాదు.

రెండో అర్థం కొంచెం మేలు. ఒక బిందువు గడిచిన కొలతల వరుసను యంత్రానికిచ్చి తరువాతి కొలత ఎంతో అడుగుతారు. ఇక్కడ కాలం అనేది ఉంది కనుక దీన్ని ముందస్తు అంచనా అనవచ్చు. కాని నేను వెతికేది మరొకటి: యంత్రం లేకుండా ఇదే పని ఎంత బాగా అవుతుంది? నిన్న వేసిన ఎండే ఇవాళా వేస్తుందని చెప్పేవాడు వేసవిలో చాలా రోజులు గెలుస్తాడు. నెమ్మదిగా కుంగే నేల కూడా అలాంటిదే. నిరుటి వేగమే ఈ నెలా ఉంటుందంటే పెద్ద తప్పు రాదు. పైగా పోలండ్‌లో స్తానిస్లావ్ క్నోతె 1950లలోనే దీనికొక సమీకరణం ఇచ్చాడు. నేల కుంగే వేగం, ఇంకా కుంగవలసిన లోతుకు అనులోమంగా ఉంటుంది. న్యూటన్ శీతలీకరణ సూత్రం రూపమే ఇది. వేడి కాఫీ చల్లారినట్టు, మొదట గబగబా, తరువాత నిదానంగా. ఒకే ఒక్క స్థిరాంకం చాలు. యంత్రం ఈ పాత సూత్రాన్ని ఎంతమేర ఓడించిందో చెప్పని పత్రాన్ని నేను సగం పత్రమే అంటాను. నేను చదివినవాటిలో నచ్చినవి గని సిద్ధాంతాన్ని పారేయకుండా, దాని స్థిరాంకాలను రాడార్ కొలతలతో సరిచేసుకునేవి. వాటిలో యంత్రం గురువు కాదు, చేతికింద మనిషి.

మూడో అర్థమే ఆ విద్యార్థి అడిగినది. ఇక్కడ నేల ఎప్పుడు విరుగుతుంది?

ఝార్ఖండ్‌లోని ఝరియాకు వెళదాం. సుమారు 450 చదరపు కిలోమీటర్ల ఈ బొగ్గు క్షేత్రంలో తొలి మంట 1916లో నమోదైంది, నేటికీ నేల కింద మంటలు ఆరలేదు. 1970ల మొదట్లో జాతీయం చేసేవరకు ప్రైవేటు యజమానులు ఒకదానికింద ఒకటిగా ఉన్న పొరలను దొరికినంత తవ్వారు. ఎక్కడ ఎంత తీశారో సరైన పటాలు మిగలని చోట్లు ఎన్నో. పైకప్పును మోయడానికి వదిలిన బొగ్గు స్తంభాలు కొన్నిచోట్ల కాలిపోతున్నాయి, కొన్నిచోట్ల దొంగతవ్వకానికి పోతున్నాయి. 2017 మే నెలలో ఝరియా ఊళ్ళోనే ఇందిరా చౌక్ వద్ద ఉన్నట్టుండి నేల విచ్చుకుని ఒక తండ్రినీ కొడుకునీ మింగేసింది.

అలాంటి గుంత కొద్ది మీటర్ల వెడల్పే ఉంటుంది. రాడార్ గడిలో ఒక మూలకు సరిపోతుంది. లోపల స్తంభం నలుగుతున్నా, పైకప్పు రాయి పొరపొరగా రాలి బోలు మీదికి పాకుతున్నా, చివరి పొర నిలిచినంతసేపు పైన నేల కదలకపోవచ్చు. కదలనిదాన్ని రాడార్ ఎలా చూస్తుంది? లాంగ్‌వాల్ కుంగుబాటు, పాత స్తంభాల గని కూలడం రెండు వేరు జబ్బులు. మొదటిదాని కొలతలతో నేర్చిన యంత్రాన్ని రెండోదాని మీద వాడకూడదు. వాడితే చెప్పేది ధైర్యంగానే చెబుతుంది. అదే చిక్కు.

మార్కుల లెక్క ఇక్కడ పూర్తిగా మోసం చేస్తుంది. పదివేల గడులలో ఇరవై కూలాయనుకుందాం. ఏ గడీ కూలదని కళ్ళు మూసుకుని చెప్పే యంత్రం ఖచ్చితత్వం 99.8 శాతం. ఆ ఇరవైలో ఎన్నిటిని పట్టుకుంది, పట్టుకోవడానికి ఎన్ని మంచి ఇళ్ళను అనవసరంగా భయపెట్టింది అన్న రెండు సంఖ్యలు అడగాలి. ఝరియా ప్రజల తరలింపుకు 2009లో కేంద్రం ఆమోదించిన మాస్టర్ ప్లాన్ విలువ 7,112 కోట్ల రూపాయలు. తరలింపు అంటే ఊరు, పని, బడి, బజారు అన్నీ వదిలి బెల్‌గడియా లాంటి కొత్త కాలనీకి పోవడం. పటంలో ఎర్రరంగు పడినా నష్టమే, పడకపోయినా నష్టమే. ఆ రంగు వేసేవారు తమ తప్పుల సంఖ్యను చెప్పి తీరాలి.

తక్కువ సమాచారంతో మంచి అంచనా ఎలా చేయవచ్చో చూపిన పాత ఉదాహరణ ఒకటి ఉంది. 1960 జనవరి 21న దక్షిణాఫ్రికాలోని కోల్‌బ్రూక్ గనిలో బొగ్గు స్తంభాలు వరుసపెట్టి నలిగిపోయి 435 మంది కార్మికులు సమాధి అయ్యారు. అంతకు మూడు వారాల ముందే, 1959 డిసెంబరు 28న, ఆ గనిలో ఒక భాగం కూలింది. పని మాత్రం సాగింది. ఆ తరువాత సాలమన్, మన్రో అనే ఇద్దరు దేశంలోని గనుల నుంచి 125 ఉదాహరణలు పోగుచేశారు. నిలిచినవి 98, కూలినవి 27. స్తంభం వెడల్పు పెరిగితే బలం ఎంత పెరుగుతుంది, ఎత్తు పెరిగితే ఎంత తగ్గుతుంది అన్నది ఆ ఉదాహరణలే చెప్పేలా గణాంక పద్ధతిలో లెక్కగట్టి 1967లో సూత్రం ఇచ్చారు. వెడల్పుకు 0.46, ఎత్తుకు 0.66 ఘాతాంకాలు. నేటి మాటలో ఇది మెషీన్ లెర్నింగే! తేడా ఒకటే: వారి 125లో 27 కూలినవి. నేటి పత్రాలలో లక్షలాది గడులున్నా, కూలినవి వేళ్ళమీద లెక్కపెట్టేటన్ని కూడా ఉండవు. ఆ సూత్రానికీ హద్దు దొరికింది. వాల్ నదీ ప్రాంతపు బలహీనమైన బొగ్గుకు అది సరిపోదని తేలి 1993లో బలాన్ని తగ్గించి సవరించారు. ఒకచోట నేర్చింది మరోచోట చెల్లకపోవడం కొత్త కథ కాదన్నమాట.

జరిగాక చెప్పే జోస్యం గురించి కూడా ఒక మాట. 2019 జనవరి 25న బ్రెజిల్‌లోని బ్రుమాజిన్యు వద్ద ఇనుప గని వ్యర్థాల కట్ట తెగి సుమారు 270 మంది చనిపోయారు. ఆ ఏడాదే నివేదిక ఇచ్చిన నిపుణుల సంఘం, ఉపగ్రహ రాడార్‌లో కనిపించిన నెమ్మది కదలికను ముంచుకొస్తున్న ప్రమాదానికి సూచనగా తీసుకోలేమంది. 2021లో బ్రిటన్‌లోని నాటింగ్‌హామ్ పరిశోధకులు, ఆ కదలిక వేగం పెరుగుతున్న తీరునుబట్టి దాదాపు 40 రోజుల ముందే పసిగట్టి ఉండవచ్చన్నారు. ఎవరు సరైనవారో నేను తీర్పు చెప్పలేను. కాని రెండోవారికి ఒక వసతి ఉంది: కట్ట తెగిందని వారికి ముందే తెలుసు. అదే పద్ధతిని తెగని వంద కట్టలమీద నడిపి, ఎన్నిసార్లు ఉత్త గంట కొట్టిందో చూపితే వాదన బలపడుతుంది.

యంత్రం పనికిరాదని నేను అనడం లేదు. రాడార్ చిత్రంలో గాలిలోని తేమ కూడా నేల కదిలినట్టే పట్టీలు వేస్తుంది. వేలకొద్దీ చిత్రాలలో ఏది తేమ, ఏది నిజమైన కదలిక అని ఏరడం మనిషి కంటికి శిక్ష. బ్రిటన్‌లోని బ్రిస్టల్ విశ్వవిద్యాలయంవారు 2018లో అగ్నిపర్వతాల చిత్రాలను ఇలా ఏరడానికి యంత్రానికి నేర్పారు. తరువాత అదే ఒరవడిలో తమ దేశపు పాత బొగ్గు ప్రాంతాల నేల కదలికలను వెతికించారు. ఇది జల్లెడ పట్టే పని. జల్లెడ పట్టాక మనిషి చూస్తాడు. వారు దాన్ని జోస్యమని అనలేదు, వెతకడమనే అన్నారు. నాకు ఆ నిజాయితీ నచ్చింది.

మూడో అర్థాన్ని పరీక్షించాలంటే దారి లేకపోలేదు. సింగరేణి భూగర్భ గనులలో ఏ ప్యానెల్‌లో పిల్లర్లు ఎప్పుడు తీస్తారో ముందే ప్రణాళిక ఉంటుంది. లోతు, పొర మందం, ఇసుక నింపుతారా లేదా అన్నీ కాగితం మీద ఉంటాయి. పైన నేల కుంగుబాటును సర్వేయర్లు కొలుస్తూనే ఉంటారు. పరిశోధకులు పని మొదలుకాకముందే తమ అంచనాను తేదీలతో సహా రాసి, కవరులో పెట్టి సీలు వేసి, ఇవ్వాలి. ఏడాది తరువాత విప్పి చూడాలి. క్నోతె సూత్రంతో వేసిన అంచనా మరో కవరులో ఉండాలి. నేను చదివినవాటిలో ఇలాంటి పత్రం ఒక్కటీ తగల్లేదు.

కొలతలను జనానికి చూపడం మరో సంగతి. యూరపులో 2022 నుంచి తమ వీధిలో నేల ఎంత కదిలిందో ఎవరైనా ఉచితంగా చూసుకునే పటాలున్నాయి. మన దగ్గర 2023 జనవరిలో జోషీమఠ్ కుంగినప్పుడు (అది గని కాదు, కొండ ఊరు) హైదరాబాద్‌లోని జాతీయ సుదూర గ్రహణ కేంద్రం, 12 రోజుల్లో 5.4 సెంటీమీటర్లు దిగిందని నివేదిక పెట్టింది. సంస్థలు పత్రికలతో మాట్లాడరాదని ఆదేశాలు రావడంతో అది వెబ్‌సైటు నుంచి మాయమైంది. గందరగోళం వద్దన్నది వారి కారణం. కొలత దాస్తే గందరగోళం తగ్గుతుందని నాకు అనిపించదు.

ఆ విద్యార్థికి జవాబు రాశాను. అనువాదంలో తప్పు నాదేనని ఒప్పుకున్నాను. రాడార్ పటం మీ ఇంటి నేల ఇన్నాళ్ళూ కదిలిందో లేదో చెప్పగలదు, రేపటి సంగతికి అది చాలదు అన్నాను. వదిలేసిన గనుల పటాలు గనుల భద్రతా డైరెక్టరేట్‌కు చేరాలన్నది నిబంధన కనుక, ఇంటి కింద బాయి ఎంత లోతున ఉంది, పిల్లర్ల వెడల్పు, ఎత్తు ఎంత, వాటిని తీశారా ఉంచారా, ఇసుక నింపారా అని పెద్దవాళ్ళచేత అర్జీ పెట్టించమన్నాను. గోడల నెర్రెలకు అడ్డంగా గాజుపలక అతికించి, పక్కన తేదీ రాసి పెట్టమని కూడా రాశాను. పలక పగిలితే నెర్రె ఇంకా కదులుతోందని అర్థం, వెంటనే గని మేనేజరుకు రాతపూర్వకంగా తెలియజేయాలి.